మేఘనావలో ఊడిపోయిన మాటలు

జూన్ 3, మంగళవారం

బుద్ధి గడ్డి తిని ఫ్యాన్ వేశాను. అట్టపెట్టె మూత తీసే ఉందన్న సంగతి గుర్తు లేదు. నాలుగైదు వందల కాగితపు బుడగలు ఒక్కసారిగా పైకి లేచి గదంతా తిరిగాయి. ఫ్యాన్ కట్టేశాక కూడా కాసేపు గాలిలోనే ఉండి, వాటికి తీరిక దొరికినప్పుడు దిగాయి. ఒకటి నా తల మీద వాలింది. తీసి చూస్తే, "కెప్టెన్, మబ్బు అడుగున రాళ్ళున్నాయి!" అని ఉంది. నా చేతిరాతే. ముప్పై ఒక్క ఏళ్ళ కిందటిది. అప్పట్లో నా అక్షరాలకి కాస్త పొగరెక్కువ.

పని ఒప్పుకుని రెండు రోజులైంది. మా పాత బొమ్మల పత్రికలోని కథలన్నీ కలిపి ఒక లావుపాటి పుస్తకంగా వేస్తారట. అసలు పేజీలు ఎవరి అటక మీదో దొరికాయి. బొమ్మలు చెక్కుచెదరలేదు. మాటల బుడగలు అంటించిన జిగురు మాత్రం ఎండి పెళుసైపోయి, అన్నీ రాలిపోయాయి. ఇప్పుడు బొమ్మలొక కట్ట, మాటలొక పెట్టె. ఏ మాట ఏ నోటిదో చూసి మళ్ళీ అంటించాలి.

"మీ అక్షరాలే కదా మేడమ్, మీకు కాక ఇంకెవరికి తెలుస్తుంది?" అంది ఎడిటరమ్మాయి. పత్రిక మూతపడ్డాక పుట్టిన పిల్ల. వాళ్ళ నాన్న దాచుకున్న చిరిగిన సంచికలు చదివి పెరిగిందట. కెప్టెన్ పేరెత్తితే చాలు, కళ్ళు ఇంతింత చేసుకుంటుంది.

ముందు నవ్వుల కథలు పట్టుకున్నాను. ఇద్దరు దొంగలు, వాళ్ళకో గాడిద. ముగ్గురిలోనూ బుర్ర ఉన్నది గాడిదకే. పొరపాటున దొంగ మాట తెచ్చి, మబ్బుల మీద ఓడ నడిపే కెప్టెన్ కథ 'మేఘనావ' పేజీ మీద పెట్టాను. తుఫానులో చుక్కాని పట్టుకుని, ఛాతీ విరుచుకుని, కెప్టెన్ అంటున్నాడు: "ముందు గాడిదని ఓ మాట అడుగుదాం!" ఒక్కదాన్నే పొట్ట పట్టుకుని నవ్వాను. పక్కింటావిడ తలుపు తట్టి, అంతా బాగానే ఉందా అని అడిగి వెళ్ళింది.

జూన్ 5

ఒక్కో బుడగకీ తోక విడి ముక్క. ఎడిటరమ్మాయికి చెబితే ముందు నమ్మలేదు.

కోడిగుడ్డు ఆకారంలో బుడగలు కత్తిరించి, మాటలు రాసి, ముందు వాటిని అంటించేదాన్ని. తోకలంటే మొనదేలిన చిన్న చిన్న ముక్కలు. అవి వేరే రేకు డబ్బాలో ఉండేవి. అన్నిటికంటే చివర తోక. అది ఎవరి నోటి వైపు తిరిగితే మాట వాళ్ళది. కథ పెద్దాయన చెప్పేవారు, పత్రిక ఆయనదే. బొమ్మలు బావ వేసేవాడు. ఎవరు ఏమన్నారన్నది మాత్రం నా వేలికొసన ఉండేది. అప్పుడలా అనుకోలేదు. ఆఫీసులో అందరూ నన్ను తోకలమ్మ అనేవాళ్ళు, అంతే. బావ ఒక్కడే 'బుడగలరాణీ' అనేవాడు, అది కూడా అక్క వింటుండగా.

జూన్ 8, ఆదివారం

అక్క వాళ్ళింటికి వెళ్ళాను. టైర్ల షాపు వెనక రెండు గదులు. గాలి కొట్టే చప్పుడు గంటకోసారి గోడ దాటి వస్తుంది.

బావ కిటికీ దగ్గర కూర్చుని పేపరు పక్కకి పట్టుకున్నాడు. కంటి చివర్నుంచి చూస్తున్నాడు.

"మధ్యలో మబ్బు పట్టింది మరదలా. అంచులు మాత్రం కనిపిస్తున్నాయి. నీకు మొహం లేదు, చెవులున్నాయి."

"నాకు అందమంతా చెవుల్లోనే బావా."

"అదే, సగమే పోయింది నష్టం."

వంటగదిలో అక్క గొంతు తగ్గించి చెప్పింది. ఆ అంచులు కూడా పోతాయట. నెలో, రెండు నెలలో. డాక్టరు ఇంక మందు లేదన్నాడట. చెబుతూ చెబుతూ దారం పంటితో తెంపింది. ఇల్లు మారాక దర్జీ షాపులో ఇరవై రెండేళ్ళు కాజాలు కుట్టింది అక్క. ఇప్పుడు ఇంట్లోనే మిషను పెట్టుకుంది. ఏం చెప్పినా చేతిలో గుడ్డ ఉండాల్సిందే.

పుస్తకం సంగతి చెప్పాను. బావ కుర్చీలోంచి సగం లేచాడు.

"మేఘనావ కూడానా?"

"మేఘనావే ముందు."

"పదిహేడో పేజీ ఉందా?"

"ఇంకా అంతదాకా రాలేదు బావా."

"ఆ పేరు ఈ ఇంట్లో ఎత్తొద్దని ఎన్నిసార్లు చెప్పాను?" అంది అక్క లోపలినుంచే. "ఆ ఓడ తను మునిగింది చాలక మనల్ని కూడా ముంచింది. ఈయన మొండితనం కాకపోతే, పెద్ద కిటికీ ఉన్న ఆ మేడింట్లో ఉండేవాళ్ళం ఇవాళ. పొద్దున్నే ఎండ మంచం దాకా వచ్చేది."

అక్క అన్నదాంట్లో తప్పేం లేదు. బావ మొండివాడే.

జూన్ 9

పదిహేడో పేజీ కట్టలో కనబడలేదు. పోయిందేమో. ముప్పై ఏళ్ళలో ఎన్ని పోలేదు.

జూన్ 10

ఉంది. కట్ట అడుగున.

జూన్ 12

పదిహేడో పేజీ, నాలుగో గడి. గుహలో నిప్పు వెలుగుతోంది. మేఘనావ మునిగిపోయింది. ఓడలోని నలభై మందీ ఏమయ్యారో తెలియదు. గుహ చేరింది ముగ్గురు. ఈ పక్క కెప్టెన్ తల వంచుకుని కూర్చున్నాడు. ఆ పక్క నల్లకోటు నిలబడ్డాడు, మొదటి సంచిక నుంచీ ఓడ వెంటపడ్డ దుర్మార్గుడు. వెనకాల ఓడ పనివాళ్ళ పెద్ద సరంగు, తడిసిన టోపీ పిండుకుంటూ. నల్లకోటుకీ కెప్టెన్‌కీ మధ్య ఖాళీ జాగా. అక్కడికి రావలసిన బుడగ పెట్టెలో నా చేతికి వెంటనే దొరికింది. "ఓడని ముంచింది నేనే."

ఆ మాట నల్లకోటుది. పెద్దాయన చెప్పిన కథ అది. అచ్చులో తోక కెప్టెన్ వైపు తిరిగింది.

వేలెడంత కాగితం ముక్క. ఊరూరి నుంచీ పిల్లలు సంచులకొద్దీ ఉత్తరాలు రాశారు. ఒకడు కెప్టెన్ బొమ్మని ముక్కముక్కలుగా చింపి కవర్లో పెట్టి పంపాడు. పెద్దాయనకి కెప్టెన్ అంటే దేవుడు. అంతకు వారం ముందే బావ అందరి ఎదుటా ఆయనతో గొడవపడ్డాడు: "వాడూ మనిషే సార్, ఎప్పుడో ఒకప్పుడు తప్పు చేస్తాడు, చెయ్యనివ్వండి." ఇంక అనుమానం ఎవరి మీదికి పోతుంది? పిలిచి అడిగారు. "అవును, నేనే తిప్పాను," అన్నాడు బావ. ఆ సాయంత్రమే కుంచెలు సర్దుకుని వెళ్ళిపోయాడు. తర్వాత సంచికలో ఎవరో కొత్తాయన మేఘనావ వేశాడు. కెప్టెన్ మైనం బొమ్మలా వచ్చాడు. ఇంకో నెలకి పత్రికే మూతపడింది. బావ బడిలో డ్రాయింగ్ మాస్టరై, పువ్వూ కుండా కొండల మధ్య సూర్యుడూ నేర్పుకుంటూ రిటైరయ్యాడు. సొంతానికి మళ్ళీ ఒక్క గీత గీసింది లేదు.

ఎందుకలా ఒప్పుకున్నాడో నాకు తెలియదు. కోపం మీద అనుంటాడు. జిగురు మరీ పల్చగా ఉంటే తోకలు జారుతాయి. అది జిగురు చేసిన పని.

ఇవాళ తోకని నల్లకోటు వైపు అంటించాను. వేలితో నొక్కి వంద దాకా లెక్కపెట్టాను. బావ కళ్ళు పూర్తిగా పోకముందు ఈ పేజీ సరిగ్గా ఉండటం ఆయన చూడాలి. అది చాలు నాకు. అంతకంటే తవ్వుకోవడం దేనికి?

జూన్ 13

కల. మా వీధి చివర మబ్బు దిగింది. మేఘనావ ఇళ్ళ కప్పులకి తగలకుండా మెల్లగా వస్తోంది. తెరచాప మీద నా అక్షరాలు, కానీ చదవబోతే నీళ్ళలా కదులుతున్నాయి. పైనుంచి సరంగు నిచ్చెన వదిలాడు. ఎక్కాను. ఓడ నిండా మనుషులు. అందరూ నా కేసి తిరిగి నోళ్ళు తెరిచారు, మాట రాలేదు. చేతిలో రేకు డబ్బా ఉంది. మూత తీస్తే తోకలు. ఒక్కటీ ఎవరి నోటికీ అంటుకోదు, చేప పిల్లల్లా జారిపోతున్నాయి. భయం వెయ్యలేదు. కింద మా వంటింటి దీపం కనిపిస్తోంది, పాలు పొంగుతున్నాయేమో అనుకుంటున్నాను. అంతే.

లేచేసరికి బాగా పొద్దెక్కింది.

జూన్ 15

జిగురు జారితే తోక వంకరపోతుంది, ఎదురు తిరగదు. ఆ మాత్రం నాకు తెలియదా? నేనే అటు అంటించాను. పొరపాటున. అరవై నాలుగు పేజీలు ఒక్క చేత్తో అంటించే మనిషికి ఒకటి తప్పితే వింతేముంది? పత్రిక అచ్చయి వచ్చాక చూశాను. చేతులు కాలాక ఆకులు పట్టుకుని ఏం లాభం?

జూన్ 17

సరంగు బుడగ ఒకటి తక్కువ. మంచం కిందా వెతికాను.

జూన్ 22, ఆదివారం

ఏం జరిగిందో ఉన్నదున్నట్టు రాసుకోవాలి.

పేజీలు అట్టల మధ్య పెట్టుకుని బస్సులో వెళ్ళాను. బావ స్నానం చేసి, ఉతికిన చొక్కా వేసుకుని కూర్చున్నాడు. పక్క గదిలో అక్క మిషను కుడుతోంది. పదిహేడో పేజీ చేతికిచ్చాను. మొహం పక్కకి తిప్పి, కంటి చివర్నుంచి చూడబోయాడు, అందలేదు. పేజీ ఒళ్ళో పెట్టుకుని వేళ్ళు ఆనించాడు.

"ఇది నిప్పు. ఇక్కడ ఇంకు మందంగా వేశాను. ఇది సరంగు టోపీ."

వేలు బుడగ అంచు పట్టుకుని నడిచింది. కాగితం మీద కాగితం కదా, అంచు తగులుతుంది. చుట్టూ తిరిగి తోక దగ్గరికొచ్చి ఆగిపోయింది.

"ఇటు తిరిగిందేం?"

"అదే కదా బావా, సరైన వైపు."

"ఎవరు చెప్పారు సరైన వైపని? ఆ ఎడిటరమ్మాయా?"

మిషను చప్పుడు ఆగింది, మళ్ళీ మొదలైంది. బావ గొంతు తగ్గించాడు.

"ఇన్నేళ్ళకి నీకు భయమేసిందా మరదలా? అప్పుడు లేని భయం?"

నాకు అర్థం కాలేదు. అప్పుడు చెప్పాడు. ఆ రోజు పొద్దున పదింటికి పెద్దాయన టేబుల్ మీద ఆ పేజీ చూశాడట. ప్రెస్సుకి ఇంకా వెళ్ళలేదు.

"చూడగానే అక్కడే నిలబడిపోయాను. పెద్దాయన చెప్పిన కథ కాదది, దాన్ని మించిన కథ. నేను ఆయనతో గొంతు చించుకుని సాధించలేనిది, నువ్వు వేలెడు కాగితంతో చేసి చూపించావు. ఇంక నోరు మూసుకుని వచ్చేశాను. నీ పేరు చెబితే గెంటేసేవాళ్ళు నిన్ను. అందుకే తిప్పింది నేనే అన్నాను. అంత గొప్ప ఊహని నాదని చెప్పుకున్నందుకు ఇప్పటికీ సిగ్గేస్తుంది. నన్ను క్షమించావా?"

బావ నన్ను క్షమించమని అడిగాడు.

"అసలెలా తట్టింది నీకు?"

చెప్పేయాల్సింది. నోటిదాకా వచ్చింది. ఆయన మొహం చిన్నపిల్లాడి మొహంలా నా వైపు తిరిగి ఉంది. నన్నెవరూ ఎప్పుడూ అలా చూడలేదు, అది కూడా చూపు లేని కళ్ళతో.

"ఏమో బావా. అలా తట్టింది."

అన్నాను. అనేశాను.

ఆయన ఎదుటే తోకని తడి చేసి లేపి, మళ్ళీ కెప్టెన్ వైపు అంటించాను. బావ వేలితో తడిమి చూసుకుని నవ్వాడు. "మీ అక్కకి చెప్పకు. ఇన్నేళ్ళు నన్ను తిట్టడం అలవాటైంది. ఈ వయసులో కొత్తగా నిన్ను తిట్టడం ఎక్కడ నేర్చుకుంటుంది?"

జూన్ 23

కాళ్ళు నేల మీద లేవు. దారిలో కనబడ్డ వాళ్ళందరినీ చూసి నవ్వాను. గొప్ప ఊహ.

జూన్ 24

ఏమో, కావాలనే చేశానేమో. మనసు అడుగున ఎక్కడో ఉండుంటుంది. బావ పెద్దాయనతో గొడవపడుతుంటే నేను పక్కనే ఉన్నాను, విన్నాను. మనసులో లేనిది వేలికి ఎలా వస్తుంది? పత్రిక మూతపడ్డాక మ్యాపుల ఆఫీసులో ఇరవై ఆరేళ్ళు ఊళ్ళ పేర్లు రాశాను. ఒక్క ఊరినీ తప్పు చోట పెట్టలేదు. తప్పులు చేసే చెయ్యి కాదు నాది.

జూన్ 26

అది ఊహే. నాకిప్పుడు బాగా గుర్తొస్తోంది.

జూన్ 29, ఆదివారం

అక్క గుడ్డలు ఇచ్చి రావడానికి బయటికి వెళ్ళింది. బావ మంచం కిందికి వంగి, పాత దుప్పటిలో చుట్టిన కట్ట ఒకటి లాగాడు. తడుముకుంటూ ముడి విప్పాడు.

పదహారు పేజీలు. మేఘనావ. బడికి వెళ్ళేముందు, అక్క షాపులో ఉన్నప్పుడు, పత్రిక వదిలిన మొదటి ఏడాదంతా గీశాడట. ఎవరికీ చూపించలేదు. గీత గీయలేదని నేనే ఎంతమందికి చెప్పానో!

ఎంత బాగున్నాయో చెప్పలేను. కెప్టెన్ గుహలోంచి బయటికొస్తాడు. మబ్బు సముద్రం వెనక్కి తగ్గి ఉంటుంది. ఒంటరిగా ఇసుకలో నడుస్తాడు. పదకొండో పేజీలో, పేజీ మొత్తానికీ ఒకే బొమ్మ. ఓడలో జనమంతా బతికే ఉన్నారు. తడి బట్టలతో ఒడ్డు పొడుగునా నిలబడి, కెప్టెన్ వైపు చూస్తున్నారు. అందరి నోళ్ళూ తెరిచే ఉన్నాయి. తలల మీద తెల్లగా ఖాళీ జాగాలు. పదహారు పేజీల్లో ఎక్కడా ఒక్క మాట లేదు.

"నువ్వు మొదలుపెట్టిన కథ. తర్వాతేంటో నీకే తెలుసు," అన్నాడు బావ. "ఎప్పుడో వచ్చి అడుగుతావని చూశాను. నువ్వేమో మ్యాపుల్లో పడి ఊళ్ళు తిరుగుతున్నావు. ఒక్కటే అడుగుతాను మరదలా. ఎందుకు ముంచాడు? అదొక్కటే నాకు అంతుబట్టలేదు. ఈ అంచులు కూడా పోయేలోపు, చివర్నుంచైనా సరే, ఆ బుడగలో నీ అక్షరాలు చూడాలి."

రాస్తానన్నాను. వచ్చే ఆదివారం తెస్తానన్నాను. ఎడిటరమ్మాయికి ఫోను చేస్తే అరిచినంత పని చేసింది. ఆ పదహారు పేజీలూ పుస్తకం చివర వేస్తుందట. ఏడో తారీకుకి కావాలట.

జూలై 1

నల్లకోటు చేతికి ఓడ చిక్కకూడదని ముంచాడు. బాగాలేదు. పడవల దొంగలు పిల్లని ఎత్తుకుపోతే, ఆ పిల్ల కోసం. ఏ పిల్ల? కథలో పిల్లే లేదు. శాపం. ఛీ. నవ్వుల కథల్లో నిద్రమొహం డిటెక్టివ్ ఒకడున్నాడు, కేసు మధ్యలో గురకపెట్టి లేచేసరికి దొంగ దొరికిపోయి ఉంటాడు. వాడి పని నయం.

జూలై 2

పన్నెండు బుడగలు రాశాను. పన్నెండూ చెత్తబుట్టలోకి. రాసిన ప్రతిదాన్నీ కెప్టెన్ నోటి దగ్గర పెట్టి చూశాను. బావ గీసిన ఆ మొహం అబద్ధాన్ని ఉమ్మేస్తోంది.

జూలై 3

రాలేదు.

జూలై 5

నిజం నాకు తప్ప ఎవరికీ తెలియదు, ఈ డైరీకి కూడా చెప్పలేదు. ఇప్పుడు రాస్తున్నాను.

అచ్చయ్యాక చూశాననడం అబద్ధం. అంటించిన మర్నాడు పొద్దున తొమ్మిదిన్నరకే చూశాను. పెద్దాయన ఇంకా రాలేదు. పేజీ ఆయన టేబుల్ మీద ఉంది. పక్క నుంచి పోతూ చూశాను, తోక అటు తిరిగి ఉంది. ఊహా లేదు, గొప్పా లేదు. పొరపాటు. నా బల్ల దగ్గర బ్లేడు ఉంది, జిగురు సీసా ఉంది. పది అడుగుల దూరం. తుమ్మినంత సేపట్లో సరిచేసే పని. కానీ ముందురోజు రాత్రి ఆయన చూసీ చూడక సంతకం పెట్టిన పేజీ ముట్టుకోవాలంటే అడగాలి. అడిగితే తప్పు బయటపడుతుంది. అంతకు ముందే రెండుసార్లు తప్పులు దొరికాయి. "మూడోసారైతే ఇంటికే," అని పెద్దాయన అని ఉన్నారు. నాకు ఇరవై నాలుగేళ్ళు.

వెళ్ళి కుంచెలు కడిగాను. అవి కడిగిన కుంచెలే. మళ్ళీ కడిగాను. పదకొండింటికి ప్రెస్సతను వచ్చి పేజీలు పట్టుకుపోయాడు. గంటన్నర టైముంది నాకు. గంటన్నర కుంచెలు కడిగాను.

బావ "నేనే తిప్పాను" అన్నప్పుడు అట్ట గోడకి ఇవతల ఉన్నాను. వినబడింది. నా గుండె మీంచి బరువు దిగింది. ఆ దిగడం కూడా గుర్తుంది. సిగ్గులేనిదాన్ని.

ఒక బుడగ కత్తిరించాను. ఇది పదమూడోది. రాసి, ఆరబెట్టి, చొక్కా మడతపెట్టినట్టు కాగితంలో మడిచి పెట్టాను.

జూలై 6, ఆదివారం

మధ్యాహ్నం వెళ్ళాను. అక్క కిటికీ పక్కన చేతులతో కాజాలు కుడుతోంది. నన్ను చూసి, మీ గొడవ మీరు పడండి అన్నట్టు లేవబోయింది.

"అక్కా, నువ్వూ ఉండు," అన్నాను.

మొదటి పేజీ మీద, గుహ ముందు నిలబడ్డ కెప్టెన్ తల మీద బుడగ అంటించాను. తోక అతని వైపు. బావ పేజీని చెవి దగ్గరికి తెచ్చుకుని కంటి చివర్నుంచి చూశాడు. నల్లగా వరసలు కనిపిస్తున్నాయి గానీ అక్షరాలు పట్టుకోలేకపోతున్నానన్నాడు. ఆలస్యం చేశాను. అందుకని నేనే చదివాను.

"పొరపాటున ముంచాను. తెల్లారి తెలిసింది. అప్పటికింకా ఓడ తేలుతూనే ఉంది. చెప్పడానికి భయమేసింది."

గోడ అవతల టైరులోకి గాలి పోతోంది. చాలాసేపు పోయింది.

"ఎన్నింటికి?" అన్నాడు బావ.

"తొమ్మిదిన్నరకి."

"నేను పదింటికి చూశాను." పేజీ ఒళ్ళో పెట్టుకుని, "అయితే నీకేం తట్టలేదన్నమాట," అన్నాడు.

"లేదు బావా."

తిడతాడనుకున్నాను. తిట్టలేదు. ఆయన మొహంలోంచి ఏదో వెళ్ళిపోయింది. వెళ్ళడం నా కళ్ళతో చూశాను. ఏడుపొచ్చింది, ఏడ్చాను.

"ముప్పై ఏళ్ళు ఒక పొరపాటుకి దణ్ణం పెట్టానా?" అన్నాడు తనలో తనే. తర్వాత వేలు మెల్లగా పేజీ మీదికి పోనిచ్చాడు. బుడగ అంచు దొరికింది. "మరి ఇది? ఇదెవరు రాశారు?"

"నేనే."

"ఇది పొరపాటు కాదు కదా?"

"కాదు."

"సరే," అన్నాడు. ఆ వేలు అక్కడినుంచి తియ్యలేదు.

"ఏ ఓడ? ఏ తొమ్మిదిన్నర? నాకు అర్థమయ్యేలా చెప్తారా మీరిద్దరూ?" అంది అక్క.

చెప్పాను. తోక దగ్గర్నుంచి కుంచెల దాకా, అట్ట గోడ దాకా, మొన్న చెప్పిన అబద్ధం దాకా. అక్క గుడ్డలో సూది గుచ్చి పక్కన పెట్టింది.

"ఇరవై రెండేళ్ళు కాజాలు కుట్టాను. రోజుకి వంద. ఒక్కో కాజాకీ ఈయన్ని తిట్టుకున్నాను." బావ వైపు తిరిగింది. "మీరైనా నాతో ఒక్క ముక్క అనలేదేం? దీని ఊహ కాపాడాలని మీరు. తన ఉద్యోగం కాపాడుకోవాలని ఇది. నేనెవర్ని మీకు, దారినపోయేదాన్నా?"

బావ పేజీలన్నీ ఆమె వైపు జరిపాడు.

అక్క లేచి వచ్చి పేజీలు ఒక్కొక్కటే తిప్పింది. ఇన్నేళ్ళలో ఆ ఇంట్లో ఆమె మేఘనావ పేజీ ముట్టుకోవడం ఇదే మొదలు. పదకొండో పేజీ దగ్గర ఆగింది. ఒడ్డున జనం. అందరికంటే ముందు ఒకావిడ, తడి జుట్టు భుజాల మీద పడి, కెప్టెన్‌కి ఎదురుగా నిలబడి ఉంది.

"ఈ ముందున్నావిడ ఎవరు?"

"నువ్వే," అన్నాడు బావ. "చూసి గీయడానికి ఇంట్లో ఇంకెవరున్నారు?"

"నోరెందుకు తెరిచి ఉంది?"

"ఏదో అంటోంది. ఏమంటోందో నాకు తెలియదు."

"మీకు తెలియదు. దీనికీ తెలియదు." కుర్చీ నా పక్కకి జరుపుకుని కూర్చుంది. "కత్తెర తియ్యి. నేను చెప్తాను, రాసుకో."

పెద్ద బుడగే కత్తిరించాను. అక్క మొదలుపెట్టింది. మేడింట్లో పొద్దున్నే మంచం దాకా వచ్చే ఎండ దగ్గర మొదలుపెట్టింది. నేను రాశాను. బావ మొహం పక్కకి తిప్పుకుని వింటున్నాడు. నాలుగు వరసలకే బుడగ నిండిపోయింది. ఇంకోటి కత్తిరించాను. అదీ చాలలేదు. బావ తడుముకుని జిగురు సీసా అందుకుని, మూత తీసి పట్టుకున్నాడు. అక్క ఇంకా చెబుతూనే ఉంది.